డీజిలు యంత్రము: దాని పుట్టుక, దాని పోషణము

డీజిలు యంత్రమును గూర్చి ప్రసంగింతునని చెప్పినప్పుడు మా గ్రామమున నా యీడువారు కొందఱు నవ్విరి. ముప్పదిమూడేండ్లు పిల్లలకు సంధులు, సమాసములు, గణవిభజనము చెప్పి విశ్రాంతి పొందిన తెలుగు పంతులకు పిస్టనుతో పని యేమి యని వారి నవ్వునకు అర్థము. ఆ నవ్వు న్యాయమే. కాని 2009వ సంవత్సరపు వేసవిలో ఒక రాత్రి నా తమ్ముడును నేనును నలువది పెట్టెల టమాటాలతో మదనపల్లె త్రోవలో నిలిచిపోయితిమి. తెల్లవారునప్పటికి మా యంత్రము చల్లబడినది గాని మరల లేవలేదు. మధ్యాహ్నమునకు టమాటాలు నీరుకారెను. కారణమేమని వెదకుచు పోయినవాడను, తుదకు 1893వ సంవత్సరమున జర్మనీ దేశములోని ఆగ్స్‌బుర్గు పట్టణమున తేలితిని. ఆ త్రోవను మీకును చూపవలెనని నా కోరిక.

మొదట మా బండిని గూర్చి చెప్పెదను. అది మహీంద్రావారి పికప్పు. 1998లో కదిరిలో ఒక వర్తకునియొద్ద పాతదిగానే కొంటిమి. ఆ కాలపు మహీంద్రా బండ్ల పేర్లలో కొన్నిటికి తుదను ‘డి.పి.’ అను రెండక్షరములు ఉండెడివి. డీజిలు, పెజో అని వానికి అర్థము. పెజో యనునది ఫ్రాన్సు దేశపు కార్ల సంస్థ. మా యంత్రమునకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదాని బోరు 90 మిల్లీమీటర్లు, పిస్టను నడక 83 మిల్లీమీటర్లు. ఒకనాడు నేను పలకమీద గుణించి చూడగా 2112 ఘనసెంటీమీటర్లు వచ్చినది. పుస్తకములోను అంతియే యుండెను. పద్యపాదమున గణములు సరిపోయినప్పుడు కలుగు తృప్తి వంటిది నాకు కలిగెను.

ఇక పుట్టుక. యజ్ఞములయందు అరణిని మథించి అగ్నిని పుట్టించుట పెద్దలందఱు ఎఱిగినదే. అది రాపిడివలన పుట్టు నిప్పు. నిప్పును పుట్టించుటకు మఱియొక మార్గము కలదు. గాలిని ఒక్కపెట్టున నొక్కినచో అది వేడెక్కును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగుభాగమును చేతితో తాకినవారికి ఈ సంగతి తెలియును. మలయా మున్నగు తూర్పుదేశములలో ఒక చిన్న గొట్టములో ఎండుపీచును పెట్టి, కాడను లోనికి ఒక్క గ్రుద్దు గ్రుద్ది నిప్పు చేసికొను పరికరము చిరకాలముగా ఉండెను. అట్టి పరికరమును విద్యార్థిదశలో చూచుటవలననే డీజిలునకు ఈ యూహ కలిగెనని చెప్పుదురు.

రుడాల్ఫ్ డీజిలు 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనులు, తండ్రి తోలుసామానులు చేసి బ్రదుకువాడు. 1870లో ఫ్రాన్సునకును జర్మనులకును యుద్ధము రాగా ఆ కుటుంబము పారిసును విడువవలసివచ్చెను. బాలుడు ఆగ్స్‌బుర్గులో బంధువుల యింట చేరి చదువుకొనెను. పిదప మ్యూనికులో లిండె యను ఆచార్యునికి శిష్యుడయ్యెను. మంచుగడ్డలు చేయు యంత్రములకు ప్రసిద్ధుడు ఆ లిండె. ఆవిరియంత్రము తాను తిన్న బొగ్గులోని వేడిమిలో పదియవ వంతును సైతము పనిగా మార్చుట కష్టమని, మిగిలినదంతయు వ్యర్థమగుచున్నదని గురువు చెప్పగా శిష్యుని మనసున అది నాటుకొనెను.

1892లో అతడు తన యంత్రమునకు పేటెంటు కోరెను. గాలిని మాత్రమే సిలిండరులోనికి పీల్చి, దానిని మిక్కిలి నొక్కి, ఆ వేడిమిలోనికి నూనెను చిమ్మవలెను. నూనె తనంత తానే అంటుకొనవలెను. పెట్రోలు యంత్రమునకు వలె విద్యుత్తు నిప్పురవ్వతో పనిలేదు. ఊహ ఇంతవఱకు సరియే. కాని లెక్కలు వేయుచు అతడు ఇంకొక మాట కూడ చెప్పెను. ఈ యంత్రములో వేడిమి యంతయు పనిగా మాఱునుగాన దీనిని నీటితో చల్లార్చ నక్కఱలేదట. ఆ మాట నమ్మి ఆగ్స్‌బుర్గు యంత్రశాలలో 1893లో కట్టిన మొదటి యంత్రమునకు నీటితొడుగు పెట్టలేదు.

ఆ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన దానిని పరీక్షించిరి. నూనె చిమ్మగానే అంటుకొనెను. ఊహ ఋజువయ్యెను. ఆ క్షణముననే పీడనము 80 వాతావరణములు దాటి, దానిని కొలుచు పరికరము ముక్కలై యెగిరిపోయెను. దగ్గఱనున్నవారు బ్రదికి బయటపడుట అదృష్టము. తరువాతి యంత్రమునకు అతడు నీటితొడుగు పెట్టెను. 1894 ఫిబ్రవరి 17న అది తన బలముతో తాను సుమారొక నిమిషము తిరిగెను. మఱి మూడేండ్లకు, 1897 ఫిబ్రవరిలో, ష్రోటర్ అను ఆచార్యుడు కొలిచి చూడగా ఇంధనపు వేడిమిలో నూటికి 26 పాళ్లు పనిగా మాఱినట్లు తేలెను. లోకములోని యంత్రములలో అంత పొదుపరి అంతకుముందు లేదు.

ఆగస్టు 10వ తేదీని మన దేశమున జీవ ఇంధన దినముగా జరుపుచున్నారు. ఆ దినమున డీజిలు తన యంత్రమును వేరుసెనగ నూనెతో నడిపెనని ఉపన్యాసములలో చెప్పగా నేను వింటిని. అది పొరపాటు. ఆనాడు చిమ్మినది పెట్రోలు. వేరుసెనగ నూనె ముచ్చట 1900వ సంవత్సరమున పారిసు ప్రదర్శనములోనిది. అచట ఆటో సంస్థవారు పెట్టిన యొక చిన్న డీజిలు యంత్రము వేరుసెనగ నూనెతో నడచెను. చూచినవారిలో చాలమందికి అది భూమినూనెతో కాక గింజనూనెతో నడచుచున్నదని తెలియనే లేదట. ఆఫ్రికాలోని తమ వలసలలో వేరుసెనగ విరివిగా పండును గనుక ఫ్రెంచి ప్రభుత్వమువారు ఆ ప్రయోగమును కోరిరి. ఈ సంగతి చదివినప్పుడు అనంతపురము మండలపు సెనగపంట మీద బ్రదికిన నాకు కొంత గర్వము కలిగినమాట నిజము. నేడు గానుగనూనె ధరకు డీజిలు ధర చాల తక్కువగాన బండికి పోయుటకంటె తాలింపునకు వాడుటయే మేలు. పైగా పచ్చినూనె జిగురై నాజిళ్ల నోళ్లను మూయును. దానిని రసాయనక్రియతో మార్చినగాని యంత్రమునకు పథ్యము కాదు.

1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి డీజిలు ఇంగ్లండునకు పోవు ఓడనుండి కనబడకుండ పోయెను. కొన్ని దినములకు సముద్రమున అతని శరీరము దొరకెను. అప్పుల బాధచే దూకెనందురు, వేఱుమాటలును చెప్పుదురు. అతని యంత్రము అప్పటికి ఓడలను, కర్మాగారములను నడుపుచుండెను గాని రోడ్డు ఎక్కలేదు.

రోడ్డు ఎక్కకపోవుటకు కారణము నూనె చిమ్ము పద్ధతి. ఆ కాలమున నూనెను నొక్కుడుగాలితో లోనికి ఊదెడివారు. దానికి ఒక ప్రత్యేకమైన గాలియంత్రము కావలెను; అది ఒక గదియంత బరువు. బండి దానినే మోయవలెనా, సరకు మోయవలెనా? 1923, 1924 సంవత్సరములలో జర్మనీలో బెంజి, మాన్ సంస్థలు గాలి సహాయము లేకుండ నూనెను పంపుతోనే చిమ్ము లారీలు చేసిరి. రాబర్ట్ బోష్ సంస్థవారు 1927లో అట్టి పంపులను వేలకొలది ఒకే తీరుగా చేయ మొదలుపెట్టిరి. రోడ్డుమీది డీజిలు బండికి అది యసలైన పుట్టినదినమని నా అభిప్రాయము. ఆ పంపులోని కాడకును దాని ఒఱకును నడుమ సందు మిల్లీమీటరులో వేయవ వంతులు రెండు మూడే. మన తలవెండ్రుకను ఇరువది చీలికలు చేసినచో ఒక చీలిక మందము. ఆ సందులోనికి ఒక్క యిసుకరేణువు పోయినను గీత పడును. ఒక్క నీటిబొట్టు నిలిచినను తుప్పు పట్టును. డీజిలును వడగట్టి పోయవలెనని పెద్ద మేస్త్రీలు ప్రాణము విసుగునట్లు చెప్పుట ఇందుకే.

చిన్నబండికి ఇంకొక చిక్కు కలదు. చిన్న సిలిండరులో నూనె, గాలి కలియుటకు వ్యవధి చాలదు. దానికి హెడ్డులో ఒక చిన్న గది చేసి, గాలిని అందులో సుడి తిరుగునట్లు నొక్కి, ఆ సుడిలోనికి నూనె చిమ్ముట ఉపాయము. ఇట్టి ముందుగది ఊహను 1909లో ప్రాస్పర్ లోరాంజ్ అను ఇంజనీరు తెచ్చెను. 1931 ప్రాంతమున ఇంగ్లండులో హ్యారీ రికార్డో దానిని సుడిగదిగా దిద్దెను. మా పికప్పు యంత్రము ఈ రికార్డో సంతతిది. ఇందువలన లాభము: చప్పుడు తక్కువ, చుఱుకు ఎక్కువ, పంపునకు శ్రమ తక్కువ. నష్టము: నిప్పు హెడ్డులోనే మండును గనుక హెడ్డు వేడి యంతింత కాదు. చలికాలమున తెల్లవారుజామున ఈ జాతి యంత్రము హీటరు ప్లగ్గు కాల్చనిదే లేవకపోవుటయు ఆ గది గోడలు వేడిని పీల్చివేయుటచేతనే. ఈ నష్టమును గుర్తుంచుకొనుడు. తరువాత పని కలదు.

మన గ్రామములకు డీజిలు యంత్రము మొదట బావిగట్టున వచ్చెను. మా తండ్రిగారి కాలమున కపిల ఆగి ఆయిలింజను వచ్చుట నాకు లీలగా జ్ఞాపకము. పూనాలో కిర్లోస్కరు ఆయిలింజన్ల సంస్థ 1946లో ఏర్పడెను. 1954లో టాటావారు జర్మనీ మెర్సిడిసు బెంజి వారితో కలిసి లారీలు చేయ మొదలిడిరి. ఆ ఒప్పందము 1969లో ముగిసినను మా ప్రాంతమున లారీని బెంజి యని పిలుచువారు చాలకాలము ఉండిరి. బోష్ పంపులు బెంగుళూరులోనే చేయుటకు 1951లో మైకో సంస్థ పుట్టెను. 2008లో దాని పేరు బోష్ అని మాఱినను మన మేస్త్రీలకు అది నేటికిని మైకో పంపే. మహీంద్రావారు 1947 నుండి జీపులు కట్టుచుండిరి. అవి మొదట పెట్రోలువి. 1973లో అరబ్బుదేశముల చమురు సంక్షోభము వచ్చి పెట్రోలు ధర పైకెగయగా అందఱి చూపు డీజిలు మీదికి మఱలెను. పెజోవారు 1959 నుండి కార్లలో డీజిలు యంత్రములు పెట్టుచుండిరి. 2112 ఘనసెంటీమీటర్ల యంత్రము వారి 504 కారులో నడచి, ఆఫ్రికా దేశముల టాక్సీలలో పేరు తెచ్చుకొనెను. 1979లో మహీంద్రావారు దానిని మన దేశమున చేయుటకు అనుమతి పొందిరి. మహారాష్ట్రములోని ఇగత్‌పురిలో దానికి కర్మాగారము పెట్టిరి.

ఇది మా చేతికి వచ్చిన యంత్రపు వంశవృక్షము. దాని పోషణము నాకు నేర్పినవాడు మా ఊరికి వారమునకొకమారు వచ్చెడి సాయబు మేస్త్రి. బడికి పోనివాడు, కాని యంత్రమును గూర్చి అతడు చెప్పిన మాటలలో తరువాత నేను పుస్తకములలో చూచినప్పుడు తప్పైనది ఒక్కటియు కనబడలేదు. అతడు మొదట అడుగునది గాలిని గూర్చియే. మా యంత్రము నిమిషమునకు రెండువేల చుట్లు తిరుగునప్పుడు సుమారు రెండువేల లీటర్ల గాలిని పీల్చును. మా నేల యెఱ్ఱనేల. సెనగకాయ పెఱుకు కాలమున దారులపై దుమ్ము మబ్బువలె నిలుచును. ఆ దుమ్ము రింగులకును బోరునకును ఆకురాయి. గాలిఫిల్టరు అడుగున నూనె నిలుచు పాతరకమైనచో ఆ నూనె బురదగా మాఱకమునుపే మార్చవలెను. కాగితపు రకమైనచో దులిపి దులిపి వాడుట ఒక హద్దు వఱకే. ఒక సంవత్సరము నేను ఫిల్టరు ఖర్చు మిగిల్చి, మఱుసటి సంవత్సరము రింగులు వేయించితిని. ఆ లెక్క ఏ విద్యార్థికి ఇచ్చినను తేల్చును.

పొగను చూచి రోగము చెప్పుట అతని రెండవ విద్య. నల్లపొగ వచ్చినచో నూనె యెక్కువ, గాలి తక్కువ. ఫిల్టరు మూసికొనియైన నుండవలెను, నాజిలు చెడియైన నుండవలెను. నీలిపొగ మొబిలాయిలు మండుచున్నదనుటకు గుఱుతు. రింగులో, వాల్వు గైడులో అరిగినవి. తెల్లపొగ చలి ఉదయమున కొంచెము వచ్చి పోయినచో భయములేదు. యంత్రము వేడెక్కిన పిదపను తెల్లని ఆవిరి వచ్చుచు, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో నీరు సిలిండరులోనికి పోవుచున్నదని గ్రహించి బండిని అచటనే ఆపవలెను. మొబిలాయిలు మజ్జిగ రంగునకు మాఱినచో ఇక సందేహమే లేదు. నీలి కిరోసిను చవుకగా దొరకిన దినములలో దానిని డీజిలులో కలిపి అమ్మువారు ఉండిరి. డీజిలునకు గల జిడ్డే పంపునకు కందెన. కిరోసినులో ఆ జిడ్డు చాలదు. ఆ దినములలో మా ప్రాంతమున ఎన్ని పంపులు ఎండి చచ్చెనో లెక్క లేదు.

2009 నాటికి ఆ మేస్త్రి వృద్ధుడై తన కూతురింటికి పోయి యుండెను. ఆ వేసవి టమాటాకు ధర పలుకుచుండెను. మా బండి ఎక్కుడుదారిలో నలువది పెట్టెలతో ఈడ్చుకొనుచుండగా తమ్ముడు విసిగి, “అన్నా, పంపులో నూనె రవంత పెంచితే ఎక్కుతాదంట” అనెను. పంపుమీద సీసపు సీలు వేసిన ఒక మఱ యుండును. పూర్తి బరువు మీద ఎంత నూనె పోవలెనో నిర్ణయించు మఱ యది. ఒక కుఱ్ఱ మెకానిక్కు సీలు తెంచి దానిని ఒకటిన్నర చుట్టు త్రిప్పెను. త్రిప్పుమని చెప్పినది మేము, ఒప్పుకొన్నది నేను. బండి నిజముగనే గుఱ్ఱమువలె లేచెను. వెనుక నల్లపొగ. చూచి నేను, బలము వచ్చినప్పుడు పొగ రాదా యని సమాధానపడితిని. మూడవ ప్రయాణమున ములకలచెరువు దాటిన పిదప ఎక్కుడుదారిలో యంత్రము దగ్గు మొదలిడెను. పిదప తెల్లని ఆవిరి. వేడిమిని చూపు గడియారము రెండేండ్లుగా చెడి సున్నవద్దనే నిలిచియుండెను. దానిని బాగుచేయింపవలెనని ప్రతి సంక్రాంతికి అనుకొనుచునే యుంటిమి.

బండిని మఱియొక లారీకి కట్టి తెచ్చితిమి. తమ్ముడు నాతో మూడు దినములు మాటలాడలేదు. ఆ పంట వాని చేతి కష్టము, నేను జీతగాడను. పాత యినుమునకు అమ్మివేయుదమని అందఱు అనిరి. అమ్మకమునుపు ఒక్కమారు సాయబు మేస్త్రికి చూపవలెనని నేను పట్టుపట్టితిని. అతడు కొడుకు మోటారుసైకిలుపై వచ్చెను. హెడ్డు విప్పించెను. గాస్కెట్టు కాలియుండెను, హెడ్డులో రెండు వాల్వుల నడుమ సన్నని చీలిక. నేను మఱను గూర్చి చెప్పితిని. అతడు తల యూపి, ఏమియు అనక, రేడియేటరు పైతొట్టిని విప్పుమనెను. లోపల గొట్టములన్నియు తెల్లని గట్టి పెచ్చుతో పూడి, పదింటిలో నాలుగైనను తెఱచి లేవు. వేణ్ణీళ్ల కాగు అడుగున నిలుచు సుద్దపెచ్చు వంటిదే యది.

“అయ్యోరూ, నీళ్లు లేక సావల్యా ఇది. నీళ్లు పోసి సంపినారు” అనెను.

పదునొకండేండ్లుగా ప్రతి ఉదయము రేడియేటరు మూత తీసి నీరు పోయువాడను నేనే. మా బోరునీరు. ఆ నీటిలోని ఉప్పులు ఎట్టివో మా ప్రాంతమున ఏ కుండ నడిగినను చెప్పును. నేను శ్రద్ధతో, నియమముతో, ఒక్కనాడైన తప్పక ఆ విషమును పోయుచుంటిని. మఱ త్రిప్పుట తుదిదెబ్బ మాత్రమే. డీజిలు యంత్రములో ఇంధనపు వేడిమి సుమారు మూడింట ఒక వంతు పనిగా మాఱును. ఒక వంతు పొగగొట్టమున పోవును. రమారమి ఒక వంతు నీటి ద్వారముగా వెడలవలెను. ఆ మూడవ ద్వారమును నేను మూసితిని. అదే కాలమున మొదటి వంతు పెంచుటకు నూనె నెక్కువ చేసితిమి. నిప్పు హెడ్డులోనే మండు జాతి యంత్రము. పగిలినది హెడ్డే యగుటలో వింత యేమున్నది?

డీజిలు జీవితమును నేను చదువుట ఆ నెలలోనే. నీటి అవసరము లేదని లెక్కవేసిన ఆ మేధావి మొదటి యంత్రమును గూర్చిన పుట చదివి పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిని.

తమ్ముడు టర్బో వేయింతమని కొంతకాలము పట్టుపట్టెను. అతని కోరికలో అన్యాయము లేదు. పోవు పొగ బలముతోనే చక్రమును త్రిప్పి, సిలిండరులోనికి గాలిని నెట్టు ఈ పరికరమునకు స్విట్జర్లాండు వాడైన ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు పొందెను. 1920 దశకమున రెండు జర్మను ఓడల యంత్రములలో దానివలన బలము 1750 నుండి 2500 గుఱ్ఱములకు పెరిగెను. పెజోవారును తమ 604 కారులో, మా యంత్రపు వంశమునకే చెందిన యొక డీజిలునకు టర్బో పెట్టిరి. అది 1979, మహీంద్రావారు టర్బో లేని యంత్రమునకు అనుమతి పొందిన సంవత్సరమే. అయినను టర్బో కొఱకు కట్టిన యంత్రములో పిస్టను అడుగున చల్లార్చు నూనెధార, గట్టి గాస్కెట్టు, నూనెను చల్లబఱచు ఏర్పాటు మున్నగునవి కలిసి వచ్చును. టర్బో యొక్కటే కొని పాతదానికి బిగించుట మేము మఱ త్రిప్పినదానికి అన్నగారి వంటిది. మేస్త్రి కూడ వలదనెను. బండి మీద మనకు వేగమా కావలసినది, లేక బరువుతో ఆగకుండ పోవుటయా యని అతడు అడుగగా తమ్ముని వద్ద జవాబు లేకపోయెను.

చేసిన పని యిది. వేఱొక హెడ్డు తెచ్చి, దాని ముఖమును చదును చేయించి, క్రొత్త గాస్కెట్టుతో కూర్చితిమి. బోల్టులను నడుమనుండి అంచులకు, ఒక్కమారుగా గాక మూడు విడతలుగా, కొలతరెంచితో బిగించెను. ఆ వరుస తప్పినచో హెడ్డు వంకర పోవునట. రేడియేటరునకు ఒక వరుస గొట్టములు ఎక్కువగల క్రొత్త కోరు వేయించితిమి. మా ప్రాంతమున థర్మోస్టాటును పీకి పాఱవేయుట ఒక ఆచారము. యంత్రము చల్లగా నుండునని నమ్మకము. నిజమునకు దానివలన యంత్రము తగిన వేడికి రాక, నూనె సరిగా మండక, బొగ్గు పేరుకొనును. క్రొత్తది పెట్టించితిమి. పంపును అనంతపురమునకు పంపి బెంచిమీద కొలిపించి, మఱను మొదటి స్థానమునకు తెచ్చి సీలు వేయించితిమి. నాజిళ్ల ఒత్తిడి సరిచేయించితిమి. పంపునకు ముందు, నీటిని వేఱుచేయు గాజుగిన్నె ఒకటి, రెండవ ఫిల్టరు ఒకటి క్రొత్తగా చేర్చితిమి. వేడి గడియారము బాగయ్యెను. దానికి తోడు హద్దు దాటినచో మ్రోగు గంట కూడ పెట్టించితిమి. ఆ యేటి కందుల సొమ్మంతయు దీనికే పోయెను. ఇంత చేసిన పిదప బండి బలము కొన్ననాటికంటె పెరిగినదా యనిన, లేదు. కాని ఎక్కుడుదారిలో ఆగుట పోయినది.

నేటి డీజిలు నాటిది కాదు. 1990 దశకపు తొలినాళ్లలో మన డీజిలులో గంధకము నూటికి ఒక పాలు వఱకు ఉండవచ్చుననిరి. 2020 ఏప్రిలు నుండి దేశమంతట పదిలక్షలకు పది పాళ్లే. గంధకము తగ్గుట మొబిలాయిలునకు మేలు, ఊపిరితిత్తులకు మేలు. పాత పంపులలోని కొన్ని రబ్బరుసీళ్లు మాత్రము క్రొత్త ఇంధనమునకు కుంచించుకొని కారుట కలదు. మాదియు కారెను, క్రొత్తరకపు సీళ్లు వేసినంతట ఆగెను. పాత బండి కలవారు యంత్రమునే మార్చి వేఱుజాతి యంత్రము వేయవలెనన్నచో రవాణాశాఖవారి అనుమతి ముందుగా పొందవలెను. 1988 నాటి చట్టము అట్లు చెప్పుచున్నది. సరకు బండికి పాతదైన కొలది ఫిట్‌నెసు పరీక్ష తప్పదు. ఆ పరీక్షలో పొగ కొలుచునప్పుడు మా తమ్ముడు ఇప్పటికిని సీలు వంక ఒకమారు చూచును.

సాయబు మేస్త్రి నాలుగేండ్ల క్రిందట గతించెను. తమ్ముని కుమారుడు డిప్లొమా చదివినవాడు. 1997 నుండి కార్లలోనికి వచ్చిన కామన్ రెయిలు యంత్రములను గూర్చి, వానిలో వేయి వాతావరణములు మీఱు ఒత్తిడిని గూర్చి నాకు చెప్పుచుండును. మన బండికి అదియొకటి వేయించుద మనును. వానిని గాజుగిన్నె అడుగున నిలిచిన నీటిని దింపుమంటిని. దింపి, ఇంత నీరు ఎచటనుండి వచ్చెనని ఆశ్చర్యపడెను. ఆ పని యిప్పుడు వానిదే.

రేడియేటరు పని నాది. వర్షాకాలమున మిద్దెమీది నీటిని గుడ్డతో వడగట్టి రెండు పెద్ద కడవలలో నింపి మూతపెట్టుదును. దానిలో కూలెంటు పాలు కలిపి ఒక సీసాలో ఉంచుకొందును. నిన్న ఉదయము యంత్రము చల్లగా నున్నప్పుడు మూత తీసి చూచితిని. నీరు గుఱుతునకు వ్రేలెడు దిగువన నుండెను. చెంబెడు పోసి మూత బిగించితిని. తమ్ముడు సెనగకాయ మూటలతో కదిరి సంతకు బయలుదేరెను.